గడప దాటడం చవకే, మూటలు విప్పి కట్టడమే ఖరీదు

మైక్రోసాఫ్ట్ డాట్‌నెట్ మీద, అంటే ఎక్కువగా సీ షార్ప్‌లో రాసిన ప్రోగ్రామ్ నెమ్మదించగానే అనుమానం ముందు పడేది సీ లైబ్రరీని పిలిచే చోటు మీదే. ‘పీ/ఇన్వోక్ ఉంది కదా, ఖర్చవుతుంది’ అని తేల్చేస్తారు. డాట్‌నెట్ నుంచి సీ ఫంక్షన్లను పిలిచే పద్ధతి పేరే పీ/ఇన్వోక్. ఆ పిలుపుల్ని ఏరిపారేయడానికో, ఏకంగా కోడంతా సీ ప్లస్ ప్లస్‌లోకి మార్చడానికో కూర్చుంటారు. తీరా చూస్తే వేగం అంతంతమాత్రంగానే మారుతుంది. ఎందుకంటే మేనేజ్డ్ కోడ్ (డాట్‌నెట్ రన్‌టైమ్ అదుపులో నడిచేది) నుంచి నేటివ్ కోడ్‌లోకి (సీ లాగా ఆ అదుపు లేకుండా నడిచేది) అడుగు పెట్టే ఖర్చు వేరు, వెంట మోసుకెళ్లే సరుకు ఖర్చు వేరు. మొదటిది చాలా చిన్నది. రెండోదాన్ని పెంచుకునేదీ మనమే, తగ్గించుకోగలిగేదీ మనమే.

ఎస్‌క్యూలైట్‌ని తీసుకుందాం. సీలో రాసిన ఈ డేటాబేస్ లైబ్రరీ ఫోన్లలో, బ్రౌజర్లలో, డెస్క్‌టాప్ అప్లికేషన్లలో అన్నిచోట్లా ఉంది. డాట్‌నెట్ నుంచి దాన్ని చేరడానికి దారి పీ/ఇన్వోకే. చిన్న చిన్న పిలుపులు లక్షల్లో జరుగుతాయి కాబట్టి లెక్క తేల్చడానికి ఇంతకన్నా మంచి చోటు దొరకదు.

ముందు గడప సంగతి. మేనేజ్డ్ కోడ్ నడుపుతున్నంతసేపూ థ్రెడ్ గార్బేజ్ కలెక్టర్ (జీసీ, వాడకం అయిపోయిన మెమరీని ఊడ్చే భాగం) మాట వినాలి. జీసీ ఆగమంటే దగ్గర్లోని సురక్షితమైన చోట ఆగాలి. దీన్ని కోఆపరేటివ్ మోడ్ అంటారు. సీ ఫంక్షన్‌లోకి వెళ్లే ముందు థ్రెడ్ తన స్టాక్ మీద ఒక ఫ్రేమ్ గుర్తు వదిలి ప్రీఎంప్టివ్ మోడ్‌కు మారుతుంది. ‘నేను మేనేజ్డ్ వస్తువుల జోలికి రావడం లేదు, నా కోసం ఆగక్కర్లేదు’ అని జీసీకి చెప్పడమన్నమాట. తిరిగొచ్చేటప్పుడు జీసీ నడుస్తోందేమో చూస్తుంది, నడుస్తుంటే అది ముగిసేదాకా గుమ్మంలోనే నిలబడుతుంది. ఈ తంతుకు పిలుపుకు 10 నుంచి 30 ఎక్స్86 ఇన్‌స్ట్రక్షన్లు పడతాయని మైక్రోసాఫ్ట్ డాక్యుమెంటేషన్ ఎప్పుడో రాసింది. మార్షలింగ్ ఖర్చు, అంటే విలువల్ని ఒకవైపు రూపం నుంచి మరోవైపు రూపానికి మార్చే ఖర్చు, దీనికి అదనమనీ అక్కడే ఉంది. ఆ రెండో మాటే అసలు విషయం.

లెక్క వేద్దాం. లక్ష వరుసల ఫలితం, వరుసకు ఎనిమిది కాలమ్‌లు, వాటిలో నాలుగు టెక్స్ట్. తర్వాతి వరుసకు జరిపే స్టెప్ పిలుపు ఒక్కో వరుసకు ఒకటి, కాలమ్ విలువలకు ఎనిమిది, టెక్స్ట్ పొడవులు అడగడానికి నాలుగు, వెరసి 13. మొత్తం 13 లక్షల సార్లు గడప దాటుతాం. ఒక్కో దాటుకు 10 నానోసెకన్లు వేసుకున్నా 13 మిల్లీసెకన్లు. ఇప్పుడు ఆ నాలుగు టెక్స్ట్ కాలమ్‌లనూ సీ షార్ప్ స్ట్రింగ్‌లుగా మార్చామనుకుందాం. 64 బిట్ రన్‌టైమ్‌లో ఏ స్ట్రింగ్‌కైనా హెడర్, టైప్ పాయింటర్, పొడవు, చివరి సున్నా కలిపి 22 బైట్లు పోతాయి. ఆపైన అక్షరానికి రెండు బైట్లు. 30 అక్షరాల స్ట్రింగ్ 82 బైట్లు, ఎనిమిది గుణిజానికి సర్దితే 88. నాలుగు లక్షల స్ట్రింగ్‌లకు 3 కోట్ల 52 లక్షల బైట్లు. ఒక్క క్వెరీ 35 మెగాబైట్ల చిన్న చిన్న వస్తువుల్ని పుట్టించి జీసీ చేతిలో పెట్టింది. ప్రతిదానికీ ఎస్‌క్యూలైట్ ఇచ్చే యూటీఎఫ్-8 నుంచి సీ షార్ప్ వాడే యూటీఎఫ్-16కు మార్పిడి అదనం. ఇంత జరిగాక ఆలస్యానికి గడపను నిందించడం న్యాయం కాదు.

మందు కూడా ఇక్కడే ఉంది. కాలమ్ టెక్స్ట్ ఫంక్షన్ ఇచ్చే పాయింటర్‌ను బైట్ల రీడ్‌ఓన్లీ స్పాన్‌గా (కాపీ చేయకుండా మెమరీని ఉన్నచోటే చూపే కిటికీ) చుట్టి అక్కడికక్కడే చదివితే కొత్త వస్తువేదీ పుట్టదు. జిల్లా పేరు, స్టేటస్ లాంటి పదేపదే వచ్చే విలువలకు, బైట్లను పోల్చి పాత స్ట్రింగ్‌నే తిరిగిచ్చే చిన్న క్యాష్ చాలు. కాకపోతే ఆ పాయింటర్ ఆయుష్షు తర్వాతి స్టెప్ వరకే. అదే కాలమ్‌ను ఇంకో రూపంలో అడిగినా చెల్లకుండా పోవచ్చు. స్పాన్‌ను లూప్ బయటికి తీసుకెళ్తే, అప్పటికే వేరే డేటాతో నిండిన మెమరీని చదువుతున్నట్టే. మరో సంగతి, కూడికలూ లెక్కింపులూ కావాలంటే వరుసలన్నీ ఇటు లాక్కుని సీ షార్ప్‌లో కూడడం దేనికి? ఎస్‌క్యూఎల్‌లోనే కూడితే 13 లక్షల దాట్లు రెండు మూడుకు దిగుతాయి.

స్ట్రింగ్‌లను అటువైపు పంపడంలో తెలుగు రాసేవాళ్లు తప్పక తెలుసుకోవాల్సిన ఉచ్చు ఒకటుంది. సీ షార్ప్‌లో సీ ఫంక్షన్‌ను ప్రకటించే డీఎల్ఎల్‌ఇంపోర్ట్ గుర్తుకు క్యారెక్టర్ సెట్ చెప్పకపోతే యాన్సీ అని అర్థం. లైనక్స్‌లో ఆ మాటకు యూటీఎఫ్-8 అనే అర్థం, విండోస్‌లో మాత్రం సిస్టమ్ కోడ్ పేజీ, అంటే ఆ సిస్టమ్‌కు ఎంచుకున్న అక్షరాల పట్టిక. తెలుగుకు విండోస్‌లో యాన్సీ కోడ్ పేజీ లేనే లేదు, యూనికోడ్ ఒక్కటే గతి. ఎస్‌క్యూలైట్ ఓపెన్ ఫంక్షనేమో ఏ సిస్టమ్‌లోనైనా ఫైల్ పేరును యూటీఎఫ్-8లోనే అడుగుతుంది. ‘ఖాతాలు’ అనే పేరుతో డేటాబేస్ తెరిచే కోడ్ లైనక్స్ సర్వర్‌లో చక్కగా నడుస్తుంది. అదే కోడ్ మామూలు సెట్టింగులున్న విండోస్‌లో ఆ పేరును ప్రశ్నార్థకాల వరుసగా మార్చి పంపుతుంది. ఫైల్ పేరులో ప్రశ్నార్థకాన్ని విండోస్ ఒప్పుకోదు కాబట్టి ఫైల్ తెరుచుకోదు. ఇంగ్లిష్ పేర్లతో ఎన్ని టెస్టులు రాసినా ఈ తప్పు దొరకదు.

బఫర్ పరిమాణాలూ ఇలాగే మోసం చేస్తాయి. ‘తెలుగు’ అనే మాటలో ఆరు యూనికోడ్ గుర్తులున్నాయి. యూటీఎఫ్-16లో 12 బైట్లు, యూటీఎఫ్-8లో 18. స్ట్రింగ్ పొడవుకు ఒకటి కలిపి బఫర్ కేటాయించే అలవాటు ఇంగ్లిష్‌తో నెట్టుకొస్తుంది, తెలుగు రాగానే పక్క మెమరీని తొక్కుతుంది.

2022 నవంబర్‌లో డాట్‌నెట్ 7తో వచ్చిన, డీఎల్ఎల్‌ఇంపోర్ట్‌కు బదులు వాడే లైబ్రరీఇంపోర్ట్ ఈ విషయంలో నిజంగా మేలు చేసింది. పాత పద్ధతిలో మార్షలింగ్ కోడ్‌ను రన్‌టైమ్ మొదటి పిలుపప్పుడు లోలోపల పుట్టించేది, మన కంటికి కనిపించేది కాదు. కొత్త పద్ధతిలో సోర్స్ జనరేటర్ దాన్ని కంపైల్ సమయంలోనే మామూలు సీ షార్ప్‌గా రాసి పెడుతుంది. తెరిచి చదవొచ్చు, డీబగ్గర్‌తో అడుగడుగూ నడవొచ్చు, ప్రోగ్రామ్‌ను ముందే యంత్రభాషలోకి మార్చే నేటివ్ ఏఓటీలోనూ పనిచేస్తుంది. మెథడ్‌ను స్టాటిక్ పార్షియల్‌గా మార్చాలి, ప్రాజెక్ట్‌లో అన్‌సేఫ్ బ్లాక్‌లకు అనుమతివ్వాలి, స్ట్రింగ్ ఏ ఎన్‌కోడింగ్‌లో వెళ్లాలో మనమే చెప్పాలి. చెప్పకపోతే కంపైల్ కాదు. పై పేరాల్లోని విండోస్ ఉచ్చుకు ఇంతకన్నా మంచి విరుగుడు లేదు. యూటీఎఫ్-8 ఎంచుకుంటే చిన్న స్ట్రింగ్‌లకు స్టాక్ మీద 256 బైట్ల బఫర్ వాడుతుంది. తెలుగు గుర్తుకు మూడు బైట్ల లెక్కన 85 గుర్తుల దాకా హీప్ ముట్టుకోకుండా, అంటే విడిగా మెమరీ కేటాయించకుండా గడిచిపోతుంది. సీ నుంచి టెక్స్ట్ అందుకోవడానికి పాత కోడ్ వాడే స్ట్రింగ్‌బిల్డర్‌ను మాత్రం ఇది ఒప్పుకోదు. ఆ పాత కోడ్‌ను బైట్ బఫర్లకు మార్చుకోవాలి, మార్చుకోవడమే మంచిది కూడా.

బూల్ గురించి ఒక్క మాట. సీలో బూల్ ఒక బైట్. డీఎల్ఎల్‌ఇంపోర్ట్ మామూలుగా దాన్ని విండోస్ తరహా నాలుగు బైట్ల విలువగా చదువుతుంది. సీ ఫంక్షన్ రిజిస్టర్ అడుగు బైట్‌లో సున్నా పెట్టి తిరిగొస్తే పైమూడు బైట్లలో పాత చెత్త అలాగే ఉండొచ్చు. అప్పుడు ‘కాదు’ అన్న జవాబు మనకు ‘అవును’ అని వినిపిస్తుంది. డీబగ్ బిల్డ్‌లో సరిగ్గా ఉండి రిలీజ్‌లో తిరగబడే తప్పుల్లో ఇదొకటి. లైబ్రరీఇంపోర్ట్ ఇక్కడా బూల్ పరిమాణం స్పష్టంగా చెప్పమని పట్టుబడుతుంది. సీ లాంగ్ కూడా ఇదే బాపతు. 64 బిట్ విండోస్‌లో అది నాలుగు బైట్లు, లైనక్స్‌లో ఎనిమిది. సీ షార్ప్ లాంగ్ ఎక్కడైనా ఎనిమిదే. డాట్‌నెట్ 6లో వచ్చిన సీలాంగ్ టైప్ ఉన్నది ఇందుకే.

నానోసెకన్ల గురించి జరిగే వాదనల్లో సగమైనా మెమరీ ఎవరిది అన్న ప్రశ్న మీద జరిగితే ఎన్నో క్రాష్‌లు తప్పుతాయి. ఎర్రర్ మెసేజ్ ఇచ్చే ఎస్‌క్యూలైట్ ఫంక్షన్‌ను చూడండి. అది ఇచ్చే పాయింటర్ ఎస్‌క్యూలైట్ సొంత మెమరీ. సీ షార్ప్ వైపు దాని రిటర్న్ టైప్‌ను స్ట్రింగ్ అని ప్రకటిస్తే, మార్షలర్ అక్షరాల్ని కాపీ చేసుకుని అసలు పాయింటర్‌ను ఫ్రీ చేసేస్తుంది. తనది కాని మెమరీని విడిపించినట్టు. పాత డీఎల్ఎల్‌ఇంపోర్ట్ అయినా కొత్త లైబ్రరీఇంపోర్ట్ అయినా ఇంతే. రిటర్న్ టైప్‌ను పాయింటర్‌గానే ఉంచి, యూటీఎఫ్-8 పాయింటర్ నుంచి స్ట్రింగ్ చేసే మార్షల్ ఫంక్షన్‌ను విడిగా పిలవాలి.

క్వెరీకి టెక్స్ట్ విలువను అందించే బైండ్ టెక్స్ట్ ఫంక్షన్‌లో ఇదే సమస్య తిరగేసి వస్తుంది. దాని చివరి పారామీటర్‌కు సున్నా ఇస్తే ‘ఈ మెమరీ నిశ్చలంగా ఉంటుంది, నువ్వు కాపీ చేసుకోనక్కర్లేదు’ అని ఎస్‌క్యూలైట్‌కు మాటిచ్చినట్టు. మైనస్ ఒకటి ఇస్తే వెంటనే కాపీ చేసుకుంటుంది. ఫిక్స్‌డ్ బ్లాక్‌లో పిన్ చేసిన బఫర్ ఆ బ్లాక్ ముగిసేదాకానే కదలకుండా ఉంటుంది. కాపీ ఖర్చు మిగుల్చుకుందామని సున్నా ఇచ్చి, బ్లాక్ బయట స్టెప్ పిలిస్తే, ఈలోపు జీసీ ఆ బఫర్‌ను జరిపి ఉండొచ్చు. డేటాబేస్‌లోకి ఏదో ఒకటి ఎక్కుతుంది. ప్రోగ్రామ్ కూలదు, ఎర్రర్ రాదు, డేటా పాడవుతుంది. క్రాష్ కన్నా ఇదే ఎక్కువ భయపెట్టాలి.

సీ వైపు నుంచి తిరిగి మన కోడ్‌ను పిలిచే కాల్‌బ్యాక్‌లదీ ఆయుష్షు సమస్యే. సొంత ఎస్‌క్యూఎల్ ఫంక్షన్‌ను రిజిస్టర్ చేసేటప్పుడు డెలిగేట్‌ను (మెథడ్‌ను పట్టుకునే మేనేజ్డ్ వస్తువు) నేరుగా పారామీటర్‌గా ఇస్తే, ఎస్‌క్యూలైట్ దగ్గర పాయింటర్ మిగులుతుంది కానీ మేనేజ్డ్ వైపు ఆ డెలిగేట్‌ను పట్టుకున్నవాళ్లు ఎవరూ ఉండరు. తర్వాత ఎప్పుడో జీసీ దాన్ని ఊడ్చేస్తుంది. రెండు సెకన్ల యూనిట్ టెస్టులో జీసీ నడవదు కాబట్టి అంతా పచ్చగానే కనిపిస్తుంది, ప్రొడక్షన్‌లో కూలుతుంది. డెలిగేట్‌ను స్టాటిక్ ఫీల్డ్‌లో ఉంచడం పాత పరిష్కారం. డాట్‌నెట్ 5 నుంచి అన్‌మేనేజ్డ్‌కాలర్స్‌ఓన్లీ గుర్తు పెట్టిన స్టాటిక్ మెథడ్ అడ్రస్‌ను నేరుగా ఇవ్వొచ్చు, అక్కడ ఊడ్చడానికి డెలిగేటే ఉండదు. ఆ మెథడ్ లోపల మొత్తం ట్రై, క్యాచ్ మధ్య ఉండాలి. మేనేజ్డ్ ఎక్సెప్షన్ సీ ఫ్రేమ్‌లను దాటి పోవాలని చూస్తే లైనక్స్‌లో ప్రాసెస్ అక్కడే ముగుస్తుంది.

కనెక్షన్ పాయింటర్‌ను ఇంట్‌పీటీఆర్‌గా, అంటే ఉత్త అంకెగా, దాచుకోవడం మానేసి సేఫ్‌హ్యాండిల్ అనే రక్షణ తొడుగులో పెట్టాలి. పిలుపు నడుస్తుండగా ఫైనలైజర్ (వస్తువును ఊడ్చేముందు నడిచే కోడ్) వచ్చి హ్యాండిల్ మూసేయకుండా అది రిఫరెన్స్ లెక్క పెంచి, తర్వాత తగ్గిస్తుంది. దీనికి కొంత ఖర్చుంది. లక్షల పిలుపుల లూప్‌లో అది కొలతల్లో కనిపిస్తే, లూప్‌కు ముందు ఒకసారి డేంజరస్ యాడ్‌రెఫ్ చేసి, లోపల ముడి పాయింటర్ వాడి, ఫైనల్లీలో విడుదల చేయొచ్చు. సేఫ్‌హ్యాండిల్‌నే తీసేయాల్సిన పని లేదు.

ఇక సప్రెస్‌జీసీట్రాన్సిషన్. మోడ్ మార్పునే ఎగరగొట్టే ఈ గుర్తు డాట్‌నెట్ 5లో వచ్చింది. వేగం కోసం కనబడ్డ ఫంక్షన్‌కల్లా దీన్ని తగిలించడం ప్రమాదం. మైక్రోసెకను లోపే ముగియాలి, ఎక్కడా ఆగకూడదు, లాక్‌లు పట్టకూడదు, తిరిగి మేనేజ్డ్ కోడ్‌ను పిలవకూడదు. థ్రెడ్ కోఆపరేటివ్ మోడ్‌లోనే సీలోకి వెళ్తుంది కాబట్టి అది తిరిగొచ్చేదాకా జీసీ కాచుకుంటుంది, జీసీతో పాటు మిగతా థ్రెడ్లన్నీ కాచుకుంటాయి. లైబ్రరీ వెర్షన్ నంబర్ ఇచ్చే ఫంక్షన్‌కు ఇది సరిపోతుంది. డిస్క్‌ను తాకే స్టెప్‌కు ఎన్నటికీ పనికిరాదు. కాలమ్ ఇంట్ చూడ్డానికి చిన్నదే కానీ, సీరియలైజ్డ్ థ్రెడింగ్ మోడ్‌లో అది కనెక్షన్ మ్యూటెక్స్ అనే లాక్ పడుతుంది. ఫంక్షన్ పేరు చూసి కాదు, సోర్స్ చూసి నిర్ణయించుకోవాలి.

నేటివ్ కోడ్ ఎప్పుడూ వేగమే అన్న నమ్మకాన్ని డాట్‌నెట్ బృందమే పక్కన పెట్టింది. డాట్‌నెట్ 5లో అర్రే సార్ట్‌ను సీ ప్లస్ ప్లస్ నుంచి సీ షార్ప్‌లోకి తెచ్చారు. రన్‌టైమ్ లోపలి నేటివ్ కోడ్ నడుస్తున్నప్పుడు జీసీ ఆపమన్నా వెంటనే ఆగలేదు, మేనేజ్డ్ కోడ్ ఆగగలదు. అలా విరామాలూ తగ్గాయి. డాట్‌నెట్ కోర్ 3.0 నుంచి ప్రాసెసర్ ప్రత్యేక ఇన్‌స్ట్రక్షన్లను సీ షార్ప్ నుంచే పిలిచే ఇంట్రిన్సిక్స్ చేతిలో ఉన్నాయి కాబట్టి సిమ్డ్ (ఒకే ఇన్‌స్ట్రక్షన్‌తో ఎన్నో విలువల్ని లెక్కించడం) ఒక్కదాని కోసం సీ లైబ్రరీ రాయనక్కర్లేదు. నడిచేటప్పుడు కోడ్‌ను యంత్రభాషలోకి మార్చే జిట్ కంపైలర్ మేనేజ్డ్ మెథడ్‌ను ఇన్‌లైన్ చేయగలదు, అంటే పిలిచిన చోటే పరిచేయగలదు, సీ ఫంక్షన్ లోపలికి చూడనే లేదు. ఎస్‌క్యూలైట్ లాంటి ఏళ్ల తరబడి రాటుదేలిన లైబ్రరీని పిలవడం వేరు, నాలుగు లూపుల్ని వేగం పేరుతో సీలోకి తోయడం వేరు.

ఇన్‌సర్ట్‌లు నెమ్మదిగా ఉన్నాయన్న ఫిర్యాదులో గడప పాత్ర ఇంకా తక్కువ. మామూలు డెస్క్‌టాప్‌లో సెకనుకు 50,000 పైగా ఇన్‌సర్ట్‌లు సాధ్యమేననీ, ట్రాన్సాక్షన్లు మాత్రం కొన్ని డజన్లేననీ ఎస్‌క్యూలైట్ ప్రశ్నోత్తరాల పేజీయే చెబుతుంది. ఆ లెక్క తిరిగే డిస్క్‌లది, ఎస్‌ఎస్‌డీలో మెరుగ్గా ఉంటుంది, కానీ కథ అదే. బిగిన్, కమిట్ మధ్య పెట్టని ప్రతి ఇన్‌సర్ట్ తనంతట తానే ఒక ట్రాన్సాక్షన్ అయి, డిస్క్ మీద రాసేదాకా కాచుకుంటుంది. మిల్లీసెకన్లలో జరిగే ఆ నిరీక్షణ పక్కన 10 నానోసెకన్లు కనబడవు. వెయ్యి ఇన్‌సర్ట్‌లను ఒక ట్రాన్సాక్షన్‌లో పెట్టి, స్టేట్‌మెంట్‌ను ఒక్కసారే ప్రిపేర్ చేసి, రీసెట్ చేసుకుంటూ వాడాలి. బెంచ్‌మార్క్‌డాట్‌నెట్ అనే కొలత లైబ్రరీతో, మెమరీ డయాగ్నోజర్ తగిలించి, రిలీజ్ బిల్డ్‌లో కొలవాలి. కేటాయించిన బైట్ల కాలమ్ ముందు చూడాలి, సమయం తర్వాత.

ఆ మెమరీ డయాగ్నోజర్‌కు కూడా కనిపించని లెక్క ఒకటి మిగిలింది. అది మేనేజ్డ్ కేటాయింపుల్నే చూపిస్తుంది. ఎస్‌క్యూలైట్ కంపైల్ డిఫాల్ట్ ప్రకారం ఒక్కో కనెక్షన్ పేజీ క్యాష్ 20,48,000 బైట్ల దాకా పెరగొచ్చు. పూల్‌లో 100 కనెక్షన్లు తెరిచి ఉంటే 200 మెగాబైట్ల దాకా జీసీ కంటికి ఆనని మెమరీ. 512 మెగాబైట్ల పరిమితి ఉన్న కంటైనర్‌ను లైనక్స్ చంపేసినప్పుడు, హీప్ డంప్ తెరిస్తే లోపల అరవై మెగాబైట్లు కూడా ఉండకపోవచ్చు. అలాంటప్పుడు లీక్ కోసం సీ షార్ప్ కోడంతా వెతకడం కన్నా ముందు పూల్ పరిమాణం చూడాలి, ఎస్‌క్యూలైట్‌లో క్యాష్ సైజ్ ప్రాగ్మా అనే సెట్టింగును తగ్గించి చూడాలి.