సవరణ: నెహామా టెక్, బీయెల్స్కీ దళం

పరిశోధకురాలు, రచయిత్రి నెహామా టెక్ గురించి మొన్న రాసిన పోస్టులో రెండు తప్పులు దొర్లాయి. రెండో ప్రపంచ యుద్ధంలో నాజీల నుంచి తప్పించుకున్న యూదులు అడవిలో కట్టుకున్న బీయెల్స్కీ దళంలో 1200 మంది సాయుధులు ఉన్నారనీ, టెక్ చిన్నప్పుడు ఆ దళంతోనే అడవిలో ఉన్నారనీ రాశాను. రెండూ సరికాదు, పొరపాటు నాదే.

టెక్ 1931లో పోలండ్‌లోని లుబ్లిన్‌లో పుట్టారు. యూదు అమ్మాయి అయినా, యుద్ధకాలంలో క్యాథలిక్ అమ్మాయిగా మారుపేరుతో పోలండ్‌లోనే బతికారు. అడవి దళం ఆమె పరిశోధన విషయం, సొంత అనుభవం కాదు. ఆ దళంలో ప్రాణాలతో మిగిలినవారిని స్వయంగా కలిసి మాట్లాడి 1993లో పుస్తకం తెచ్చారు.

ఇక సంఖ్య. ఇప్పటి బెలారూస్‌లోని నలిబోకి అడవి నుంచి 1944 వేసవిలో 1200 మందికి పైగా ప్రాణాలతో బయటికొచ్చారు. అమెరికా హోలోకాస్ట్ (నాజీలు చేసిన యూదుల ఊచకోత) మ్యూజియం లెక్క ప్రకారం వారిలో 70 శాతానికి పైగా ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లే. సాయుధ దాడుల్లో పాల్గొన్నవారు 150 మంది దాకా ఉంటారు. నేను మొత్తం జనాన్ని సైనికులుగా లెక్కగట్టేశాను.

ఇది చిన్న తేడా కాదు, టెక్ వాదనకు ప్రాణమే ఇక్కడుంది. దళంలోని జనం సగం భూమిలోకి తవ్వి, దుంగలు పేర్చి కప్పిన గుడిసెల్లో చలికాలం గడిపారు. చెప్పులు కుట్టేవాళ్లు, దర్జీలు, తుపాకులు బాగుచేసేవాళ్లు సోవియట్ దళాలకు పనిచేసిపెట్టి బదులుగా తిండి, తూటాలు తెచ్చుకునేవారు. తుపాకీ పట్టలేనివాళ్లను కూడా దళ నాయకుడు తూవియా బీయెల్స్కీ చేర్చుకున్నాడు. అలా మనుషుల్ని కాపాడటమూ ప్రతిఘటనే అంటారు టెక్.

పాత పోస్టులో రెండు వాక్యాలూ మార్చాను.