కొట్టంలో మిగిలిన పతకాలు

అమెరికా అంతర్యుద్ధంలో 1863 జూన్ నెలాఖరు. దక్షిణాది సేనాని రాబర్ట్ లీ పెన్సిల్వేనియాలోకి చొచ్చుకువచ్చాడు. రాజధాని వాషింగ్టన్ కాపలాలో ఉన్న 27వ మెయిన్ పటాలానికి తొమ్మిది నెలల గడువు సరిగ్గా అప్పుడే తీరింది. మూటాముల్లె సర్దుకుని ఇంటికి వెళ్లే హక్కు వారికుంది. మరికొన్నాళ్లు ఆగమని ప్రభుత్వం బతిమాలితే సుమారు 300 మంది ఆగారు, మిగతావారు వెళ్లిపోయారు. లీ సేనతో అక్కడ జరిగిన గెటిస్‌బర్గ్ పోరు జులై 3న ముగిసింది. మరునాడు ఆ 300 మందీ ఇంటిదారి పట్టారు. ఆగిన ఆ కొద్ది రోజుల్లో వారికి శత్రువు ఎదురుపడనే లేదు.

ఆగినవారికి మెడల్ ఆఫ్ ఆనర్ (నేడు అమెరికా అత్యున్నత శౌర్య పతకం) ఇస్తామని యుద్ధమంత్రి ఎడ్విన్ స్టాంటన్ మాట ఇచ్చాడు. తీరా ఎవరు ఆగారో, ఎవరు వెళ్లారో తేల్చే సరైన జాబితా లేక, పటాలం మొత్తానికీ కలిపి 864 పతకాలు వచ్చిపడ్డాయి. కల్నల్ మార్క్ వెంట్‌వర్త్‌కు ఇది మింగుడుపడలేదు. ఆగినవారికి మాత్రమే పంచి, మిగిలినవి తన కొట్టంలో పెట్టేశాడు.

దీన్ని గుమాస్తాల నిర్వాకంగా చెప్పుకుని నవ్వుకోవడం రివాజు. మాకు మాత్రం ఆ కొట్టం దగ్గర కాసేపు ఆగాలనిపిస్తుంది. వెళ్లిపోయినవారు చేసిన తప్పేమీ లేదు. ఒప్పుకున్న తొమ్మిది నెలలూ చేశారు. అయినా ఆగినవాడి పక్కన నిలబెట్టి వెళ్లినవాడికీ అదే పతకం తగిలిస్తే ఆగినవాడిని చిన్నబుచ్చినట్టే. వెంట్‌వర్త్ ఎవరినీ నిందించకుండానే ఆ తేడా పాటించాడు.

1917లో జనరల్ నెల్సన్ మైల్స్ అధ్యక్షతన ఐదుగురు విశ్రాంత జనరల్స్ కూర్చుని పాత పతకాలన్నీ తిరగతోడారు. మైల్స్ స్వయంగా ఆ పతకం అందుకున్నవాడే. 911 పేర్లు కొట్టేశారు. అందులో 864 ఈ పటాలానివే. ఆ నిర్ణయం సరైనదేనని మా అభిప్రాయం. ప్రాణాలకు తెగించి పోరాడినవారి వరుసలో, పోరు చూడనివారి పేర్లు ఉండటం మొదటివారికి అన్యాయం. కానీ ఆ 300 మందికి దక్కాల్సింది సున్నాయేనా? అంతర్యుద్ధం నాడు సైన్యం చేతిలో ఇవ్వడానికి ఉన్న పతకం దాదాపు అదొక్కటే. కొలవడానికి ఒకే కొలపాత్ర ఉన్నప్పుడు పెద్ద గింజా చిన్న గింజా అందులోనే పోస్తారు, తరవాత వంపేస్తారు.

ఇష్టపడి రావడం ఒక సంగతి, వచ్చాక పోరులో ఏం చేశారన్నది మరో సంగతి. పతకాలు ఎక్కువగా రెండోదాని గురించే మాట్లాడతాయి. మొదటిదాన్ని సూటిగా గుర్తించిన దేశం కెనడా. 1943లో అది స్వచ్ఛంద సేవా పతకం పెట్టింది. తనంత తానుగా చేరి 18 నెలలు మచ్చ లేకుండా పనిచేస్తే చాలు, ఏ హోదావారికైనా ఇస్తారు. సముద్రం దాటి వెళ్లినవారికి రిబ్బన్ మీద వెండి మేపుల్ ఆకు అదనం. పతకం మీద బారుగా నడుస్తున్న ఏడుగురు కనిపిస్తారు. వారిలో మహిళలున్నారు, నర్సు ఉంది. ఏడుగురిలో ఒక్కరి చేతిలోనైనా కత్తి దూసినట్టు ఉండదు, నడకే ఉంటుంది. అయితే అదే కెనడాలో, నిర్బంధంగా సైన్యంలోకి తెచ్చినవారిలో విదేశీ సేవకు సంతకం పెట్టనివారిని ‘జాంబీలు’ అని వెక్కిరించారు. 1944 నవంబరులో ప్రభుత్వం మాట మార్చి వారిలో వేలమందిని ఐరోపాకు పంపింది. అక్కడ నేలకొరిగినవారూ ఉన్నారు. స్వచ్ఛందంగా రావడం గొప్పే. రప్పించినవాడి మరణం మాత్రం తక్కువదెలా అవుతుంది?

మాజీ సైనికుల మధ్య ఒకరినొకరు తూచుకునే అలవాటు బయటివారికి అంతగా తెలియదు. ఇద్దరు కలిస్తే ముందు కళ్లు వెళ్లేది రిబ్బన్ల మీదికే. ‘మీరెక్కడ పోరాడారు?’ అన్న ప్రశ్న చాలాసార్లు కుశలప్రశ్న కాదు, తాసు. ఎక్కడికి పంపాలో నిర్ణయించేది సైన్యం. సైనికుడి చేతిలో ఉన్నది సంతకం పెట్టడం ఒక్కటే. వంటశాలకో, గిడ్డంగికో, సిగ్నల్ గదికో వేస్తే అక్కడికే వెళ్లాలి.

బ్రిటన్ వైమానిక దళంలోని బాంబర్ కమాండ్‌నే తీసుకోండి. రెండో ప్రపంచ యుద్ధంలో దాని విమాన సిబ్బంది అందరూ స్వచ్ఛందంగా వచ్చినవారే. సుమారు 1,25,000 మందిలో 55,573 మంది తిరిగి రాలేదు. నగరాల మీద బాంబులు వేసిన చరిత్ర ఇబ్బందికరమై, వారికంటూ ప్రత్యేక గుర్తింపు ఇవ్వడానికి దేశం దాదాపు ఏడు దశాబ్దాలు తటపటాయించింది. 2013లో ఇచ్చింది కూడా రిబ్బన్ మీద చిన్న లోహపు పట్టీ. అది ఎగిరినవారికే. గడ్డకట్టే చలిలో ఆరుబయట ఇంజిన్లు విప్పి బిగించి, బాంబులెక్కించి, తెల్లవారుజామున తమ విమానం వస్తుందా రాదా అని ఆకాశం చూస్తూ నిలబడ్డ మెకానిక్‌లకు అదీ లేదు. గీత ఎక్కడో ఒకచోట గీయక తప్పదని అధికారులంటారు. నిజమే. గీతకు అవతల ఉన్నవారిని ఇవతలివారు ఎలా చూస్తారన్నది మాత్రం అధికారుల పని కాదు.

దొంగ పతకాలు పెట్టుకు తిరిగేవారి సంగతి వేరు. అమెరికా 2006లో దానిపై చట్టం చేస్తే, అబద్ధమాడటం ఒక్కటే నేరం కాదంటూ సుప్రీంకోర్టు 2012లో కొట్టేసింది. లాభం కోసం మోసగిస్తేనే నేరమని మరుసటి ఏడాది కొత్త చట్టం వచ్చింది. అది సబబే. మోసగాళ్లను వెతికే చూపు అందరి మీదా పడటంతోనే చిక్కు. ఆస్ట్రేలియాలో సొంత పతకం ఎడమ ఛాతీకి, కుటుంబంలోని పెద్దలదైతే కుడి ఛాతీకి పెట్టుకుంటారు. యుద్ధాల్లో పాల్గొన్నవారిని స్మరించుకునే ఆంజాక్ దినాన ఎడమవైపు పెట్టుకొచ్చిన మహిళా మాజీ సైనికులను ఆపి, ‘అమ్మా, తప్పు వైపు పెట్టుకున్నారు’ అని సరిదిద్దిన పెద్దమనుషులున్నారు. అది ఆమె తాతది అయి ఉంటుందన్న ఊహ తప్ప మరో ఆలోచన వారికి తట్టలేదు.

మాజీ సైనికుల సంఘాల్లో సభ్యత్వానికీ, వేదిక మీద కుర్చీకీ, ఆపదలో సాయానికీ రిబ్బన్ల లెక్క కొలమానం కారాదు. శౌర్య పతకానికి ప్రత్యేక వందనం దక్కాలి. పక్కవాడి సేవను చులకన చేసే అధికారం దానితో పాటు రాదు.

1917లో కొట్టేసిన పేర్లలో డాక్టర్ మేరీ వాకర్ ఒకరు. అంతర్యుద్ధంలో, మహిళకు సైన్యంలో హోదా ఇవ్వబోమంటే జీతం లేకుండానే క్షతగాత్రులకు సేవ చేయడానికి వచ్చిన వైద్యురాలు ఆమె. తరవాత శత్రువులకు చిక్కి నాలుగు నెలలు చెరలో ఉన్నారు. సైనిక హోదా లేని పౌరురాలన్న లెక్కన ఆమె పతకం రద్దయింది. ఆమె తిరిగి ఇవ్వలేదు. 1919లో కన్నుమూసేదాకా పెట్టుకునే తిరిగారు. 1977లో ప్రభుత్వం ఆమె పేరును మళ్లీ జాబితాలో చేర్చింది.