పిల్లాడికి మాచు పిచ్చు ఎందుకు చూపించాలి

కోనసీమకు దేవుడు అన్నీ ఇచ్చాడు, ఎత్తు తప్ప. ఏటిగట్టు ఎక్కితే మావాళ్ళకు కొండెక్కిన లెక్క. ఈ లోటుతోనే పెరిగిన బిడ్డ రేపు మనల్నే నిలదీస్తాడు. కాబట్టి మూడేళ్ళు నిండకముందే వాణ్ణి పెరూ దేశం తీసుకెళ్ళి, 2,430 మీటర్ల ఎత్తున ఇంకా వంశపు రాజులు కట్టిన పాత రాతి నగరం మాచు పిచ్చు చూపించడం తల్లిదండ్రుల కనీస బాధ్యత. వాడికేం గుర్తుంటుందని కొందరు అడుగుతారు. గుర్తుంచుకోవడానికి ఫోన్లున్నాయి.

విమానం దిగేది కుస్కోలో. అది సుమారు 3,400 మీటర్లు, అంటే చూడబోయే శిథిలాల కంటే దాదాపు కిలోమీటరు పైన. అక్కడి గాలి ఒత్తిడి మన అమలాపురంలో ఉన్నదాంట్లో మూడింట రెండొంతులే. అందుకే తెలిసినవాళ్ళు ముందు ఉరుబంబ లోయకు దిగి ఒకటి రెండు రాత్రులు పడుకోండి, కుస్కోను చివర్లో పెట్టుకోండి అంటారు. మనవాళ్ళు శ్రద్ధగా వింటారు. కానీ కుస్కో హోటల్ బుక్ అయిపోయింది, డబ్బులు వెనక్కి రావు. డబ్బులు వెనక్కి రాని చోట వైద్యశాస్త్రమే కాస్త సర్దుకోవాలి.

అంత ఎత్తు ఒంటికి పడకపోతే తలనొప్పి మొదలవుతుంది. రెండేళ్ళవాడు తలనొప్పి అని చెప్పలేడు. ఏడుస్తాడు, అన్నం వద్దంటాడు, కక్కుతాడు, రాత్రంతా నిద్రపోడు. చిక్కేమిటంటే ఇంటి దగ్గరా వాడి దినచర్య ఇదే. అందుకని కేసు వీడియో కాల్లో అమలాపురం వెళ్తుంది. అమ్మమ్మగారు ఒక్క చూపులో తేల్చేస్తారు: "దిష్టండీ అల్లుడుగారూ! ఉప్పూ మిరపకాయలూ తిప్పి పడేయండి." అల్లుడుగారు "ఆయ్" అంటారు. మిరపకాయ పుట్టిందే అమెరికా ఖండాల్లో కనక సరుక్కి లోటు లేదు. లక్షణాలు ముదిరితే అసలు మందు వెంటనే కిందికి దిగిపోవడమే. పుట్టిన దగ్గర్నుంచీ కిందే ఉన్నవాళ్ళకు ఈ వైద్యం ఒక పట్టాన ఎక్కదు.

ఇక శిథిలాల దగ్గర. పిల్లల తోపుడు బండి లోపలికి రానివ్వరు, అన్నీ రాతిమెట్లే. లోపల తినకూడదు. మరుగుదొడ్డి గేటు బయటే. అంటే మూడేళ్ళలోపు మనిషికి జీవితంలో ముఖ్యమైనవన్నీ నిషేధం. పులిహోర డబ్బా, ఆవకాయ సీసా బయటే ఆగిపోతాయి. నాన్న మాత్రం వాణ్ణి భుజాన మోస్తూ, రొప్పుతూ, పాఠం చెబుతాడు: పచకుటి చక్రవర్తి, పదిహేనో శతాబ్దం, సున్నం లేకుండా పేర్చిన రాళ్ళు, 1911లో వచ్చి ఈ చోటును లోకానికి చాటిన అమెరికా ఆయన బింగ్‌హామ్. వాడు అక్కడి పొడుగుమెడ జంతువు లామాను చూసి "మేక" అని నిద్రపోతాడు. ఆ ఒక్క మాటకే టికెట్ల డబ్బులు వచ్చేసినట్టు అమ్మ మురిసిపోతుంది. ఫొటోలో వెనకంతా మబ్బు. అయినా స్టేటస్ పెట్టాల్సిందే.

ఈ మధ్య ఒక పెద్దాయన, ఎవరూ అడక్కపోయినా, ఆదుర్రు ప్రస్తావన తెచ్చారు. మామిడికుదురు దగ్గర, వైనతేయ పాయ ఒడ్డున బౌద్ధ స్తూపం ఉందట, మాచు పిచ్చు కంటే వెయ్యేళ్ళకు పైగా పాతదట, పొద్దున్నే వెళ్తే మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేయొచ్చట. దాని లోపం అదే కదండీ! పురావస్తు శాఖవారు ఆ స్తూపాన్ని ఓ రెండువేల మీటర్లు పైకి లేపి, కోనసీమవాళ్ళకు వీసా తప్పనిసరి చేస్తే, పిల్లల్ని తీసుకెళ్ళడానికి మాకు అభ్యంతరం లేదు. ఆవకాయ మాత్రం లోపలికి రానివ్వాలి.