టీపీఎం 2.0 గారి సముఖానికి ఒక డీటీపీ ఆపరేటరు విన్నపం

మహారాజరాజశ్రీ టీపీఎం 2.0 గారి దివ్య సముఖానికి,

ఖమ్మం నుంచి, కంప్యూటర్లో శుభలేఖలు కూర్చి ఇచ్చే ఒక డీటీపీ ఆపరేటరు నమస్కరించి రాయునది. ఉభయ కుశలోపరి. తమరు క్షేమమని మాకు తెలుసు. తమరి విషయంలో బేరాల్లేవని మైక్రోసాఫ్ట్ వారు 2024 డిసెంబరులోనే బహిరంగంగా రాసేశారు. తమరు లేనిచోట విండోస్ 11 అడుగు పెట్టదట. ఇక మా క్షేమం సంగతే ఈ ఉత్తరం.

తమరెవరో చాలామందికి తెలీదు. మదర్‌బోర్డు మీద గోరంత చిప్పుగా ఉంటారు, లేదా ప్రాసెసరులోనే కలిసిపోయి ఉంటారు. తాళాలు దాచడం తమరి ఉద్యోగం. కంప్యూటరు ఆన్ అయ్యేటప్పుడు మధ్యలో ఎవరైనా వేలు పెట్టారేమో కనిపెట్టి, అంతా సవ్యంగా ఉంటేనే డిస్కు తాళం తీస్తారు. మంచి ఉద్యోగమే. బ్యాంకులో, హాస్పిటల్లో తమరు ఉండాల్సిందే, కాదనను. మా షాపులో తమరు కాపాడబోయే రహస్యం ఏమిటన్నదే నా సందేహం. చి.ల.సౌ. ఫలానా అమ్మాయిని చి. ఫలానా అబ్బాయికిచ్చి ఫలానా ఫంక్షన్ హాల్లో పెళ్ళి చేస్తున్నామని ఊరందరికీ తెలియడానికే కదా జనం మా దగ్గరికి వచ్చేది! మా హార్డ్‌డిస్కులో ఉన్నదంతా పదిమందికీ చెప్పడానికి టైపు చేసిందే. ఆధార్ జిరాక్సులు కూడా ఉంటాయనుకోండి. వాటి సంగతి చివర్లో చెబుతాను.

విండోస్ 10 వచ్చింది 2015లో. ఇదే ఆఖరి విండోస్, ఇక వెర్షన్లు మారవు అని ఆ ఏడు సభలో ఒక మైక్రోసాఫ్ట్ ఉద్యోగే అన్నాడు. మేం నమ్మాం. తీరా 2021లో విండోస్ 11 దిగింది. 2025 అక్టోబరు 14తో 10కి ఉచితంగా వచ్చే భద్రతా ప్యాచ్‌లు ఆగి, నూకలు చెల్లాయి. ఆ ముహూర్తం ఎవరు పెట్టారో గానీ పంచాంగం మాత్రం చూడలేదు. దసరా వెళ్ళిపోయి, దీపావళి ఇంకా రాని వారం అది. కార్తీకం పెళ్ళిళ్ళ కార్డులకు జనం షాపు గుమ్మంలో నిలబడే వారం. ఏ మూఢంలోనో పెట్టుకుంటే మాకూ తీరిక ఉండేది.

మా సిస్టమ్ ఇంటెల్ ఐ5, 7వ తరం. 8 జీబీ ర్యామ్, మధ్యలో ఎస్ఎస్‌డీ వేయించాం. పేజ్‌మేకర్ అనే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ చిటికెలో తెరుచుకుంటుంది. 2001లో వచ్చిన సాఫ్ట్‌వేర్‌కి అంతకంటే ఏం కావాలి? అలాంటి మిషన్ మీద విండోస్ 11 పడుతుందో లేదో చెప్పే హెల్త్ చెక్ నడిపాం. రిపోర్టులో జబ్బేమీ లేదు. అర్హతే లేదు.

మొదటి అభ్యంతరం తమరి గురించే, టీపీఎం కనబడలేదని. సర్వీసు కుర్రాడొచ్చి, ఆన్ చేస్తూనే డిలీట్ బటన్ టకటకా కొట్టి మదర్‌బోర్డు సెట్టింగులుండే బయాస్‌లో దూరాడు. మెనూ లోపల మెనూ, దాని లోపల ఇంకో మెనూ, అక్కడెక్కడో 'పీటీటీ' అనే వరుస. ఇంటెల్ ప్రాసెసరు లోపల ఉండే తమరికి అదే పేరట. పక్కన 'డిసేబుల్డ్' అని ఉంది. దాన్ని ఎనేబుల్ చేసి ఎఫ్10 కొట్టాడు. అంతే, తమరు ప్రత్యక్షం! ఇన్నేళ్ళూ మా షాపులోనే, మా ఫ్యాను కింద, హాయిగా పడుకుని ఉన్నారన్నమాట. వెర్షన్ 2.0 అని కూడా చూపించింది. సంతోషం పట్టలేక కుర్రాడికి టీ చెప్పాను. టీ వచ్చేలోపే రెండో అభ్యంతరం వచ్చేసింది. ప్రాసెసరు జాబితాలో లేదు. ఇంటెల్ అయితే 8వ తరం నుంచే లెక్కట. స్వయానా తమరే హాజరై సాక్ష్యం చెప్పినా మా దరఖాస్తు చెల్లలేదు. అంటే తమరి పలుకుబడి కూడా అంతంత మాత్రమేనన్నమాట.

7వ తరం మొత్తాన్ని బయటే నిలబెట్టి ఉంటే సరిపెట్టుకునేవాళ్ళం. 2021 ఆగస్టులో ఆ జాబితాలోకి, ఖరీదైన కొన్ని ఎక్స్ సిరీస్, జియాన్ ప్రాసెసర్లతో పాటు, కోర్ ఐ7-7820హెచ్‌క్యూ అనే 7వ తరం ప్రాసెసరొకటి చేరింది. దాని ప్రత్యేకత ఏమిటంటారా? మైక్రోసాఫ్ట్ వారు అప్పట్లో సొంతంగా అమ్ముతున్న సర్ఫేస్ స్టూడియో 2 లోపల ఉన్నది అదే. మేనల్లుడికి మార్కులు కలిపే మాస్టారు కూడా ఇంత బాహాటంగా కలపడు. ఇంకో తమాషా వినండి. విండోస్ 11లోనే ఐఓటీ ఎంటర్‌ప్రైజ్ ఎల్‌టీఎస్‌సీ అని వేరే రకం ఉంది, యంత్రాల్లోనూ కియోస్కుల్లోనూ పెట్టుకోవడానికి. దానికి తమరు ఉన్నా సరే, లేకున్నా సరే. విండోస్ 10లో అదే రకం, 2021 నాటిది, 2032 జనవరి దాకా ప్యాచ్‌లు అందుకుంటుంది. అదే విండోస్ 10 కియోస్కులో ఉంటే చిరంజీవి, మా టేబుల్ మీద ఉంటే కీర్తిశేషురాలు.

మా వృత్తి గురించి తమరికి ఎవరూ చెప్పి ఉండరు. తెలుగునాట డీటీపీ అంటే ఏళ్ళ తరబడి రెండే మాటలు, పేజ్‌మేకర్, అను ఫాంట్లు. 1985లో ఆల్డస్ వాళ్ళు మొదలుపెట్టిన పేజ్‌మేకర్ 1994లో అడోబీ చేతికి వచ్చింది. 2001 నాటి 7.0 తర్వాత ఇక పెద్ద వెర్షన్ రాలేదు. మాకూ అక్కర్లేకపోయింది. అను ఫాంట్లు యూనికోడ్ కావు, అంటే అన్ని మిషన్లూ ఒకేలా చదివే పద్ధతిలో లేవు. ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో మన గుణింతాలూ ఒత్తులూ ముక్కలుముక్కలుగా కూర్చుని ఉంటాయి. 'లక్ష్మి' అని వేస్తే కింద మావత్తు జరిగిపోయి పక్క అక్షరాన్ని గుద్దుకుంటుంది. కెర్నింగ్ చేసి, అంటే అక్షరాల మధ్య ఎడం సర్ది, దాన్ని వెనక్కి లాగాలి. అలా లాగీ లాగీ చేయి తిరిగినవాళ్ళం మేం. ఫాంటు లేని మిషన్‌లో ఆ ఫైలు తెరిస్తే పెళ్ళికూతురి పేరున్న చోట నెత్తిన చుక్కలూ టోపీలూ పెట్టుకున్న యూరప్ అక్షరాలు వరసగా నిలబడతాయి.

2011లో ఓణీల ఫంక్షన్‌కి మా దగ్గర కార్డు వేయించుకున్న పెద్దాయన మొన్న కార్తీకంలో అదే పిల్ల పెళ్ళికి వచ్చాడు. "అప్పటి వినాయకుడే ఉండాలి బాబూ, ఆ అంచు కూడా అదే" అన్నాడు. ఫైలు తెరిచాను. ఆహ్వానించువారి పేర్లన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. వాళ్ళ నాయనమ్మ పేరు ముందు 'కీ.శే.' చేర్చి పైకి జరిపాను. ఇద్దరు అల్లుళ్ళు పెరిగారు, కింద ఇరికించాను. ఒక బాబాయి పేరు దగ్గర ఆయన కాసేపు ఆగి, "ఉంచు, వాడు వచ్చినా రాకపోయినా" అన్నాడు. అరగంటలో ప్రూఫ్ చేతికిచ్చాను. మా వ్యాపారం మొత్తం ఇదే టీపీఎం గారూ, పాత ఫైలు తెరుచుకోవడం. ఈ పనిలో తమరు చేయగలిగిన సాయం ఏదైనా ఉంటే సెలవియ్యండి.

సలహాలకు కొదవ లేదు. యూనికోడ్‌కి మారమంటారు. మారాలి, ఆ మాట నిజమే. రామభద్ర, సూరన్న, మండలి లాంటి ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి, ఇన్‌డిజైన్ తెలుగును చక్కగా చూపిస్తుంది. కాకపోతే దానికి నెలనెలా కట్టాలి. షాపుకు అద్దె, ఇంటికి అద్దె, ఇక అక్షరాలకూ అద్దె. పాత ఫైళ్ళను కన్వర్టర్‌లో వేస్తే అది ఎక్కడో ఒక ఒత్తు దగ్గర తడబడుతుంది. ఆ ఒక్క ఒత్తు కోసం కార్డంతా మళ్ళీ మొదటి నుంచి చదవాలి. పెళ్ళికొడుకు ఇంటిపేరులో ఒత్తు పోతే ఏమవుతుందో తమరికి అనుభవం లేదు. మా మేనల్లుడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. "లినక్స్ వేసెయ్ మామా" అంటాడు. పేజ్‌మేకర్ నడుస్తుందా అని అడిగితే, అసలు పేజ్‌మేకర్ ఎందుకు అని నన్నే అడుగుతాడు. కొత్తది కొనమనేవాళ్ళు ఇంకొందరు. ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్పులన్నీ ఊడ్చుకుపోతుంటే ర్యామ్ ధర అడగడానికే భయంగా ఉంది. విండోస్ 10 ఆగిపోయే దెబ్బకు 24 కోట్ల పీసీలు చెత్తలోకి పోవచ్చని కెనాలిస్ అనే మార్కెట్ పరిశోధన సంస్థ 2023లోనే అంచనా కట్టింది. అందులో మాదొకటి.

టీ కొట్టు దగ్గర సలహా వేరు. "పైన కూర్చున్నది మనోడే కదన్నా, బేగంపేటలో హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివినాయనే. ఒక ఉత్తరం ముక్క పడెయ్" అంటారు. సత్య నాదెళ్ల గారు మైక్రోసాఫ్ట్ సీఈఓ అయింది 2014 ఫిబ్రవరి 4న. మనోడు, మనోడని మేం మురిసి ముక్కలవుతుండగానే ఏప్రిల్ 8న విండోస్ ఎక్స్‌పీకి సపోర్టు ఆగిపోయింది. ఆ తేదీ ఆయన రాకముందే ఖాయమైందిలెండి, పాపం ఆయన్ని అనకూడదు. అయినా 2025 సెప్టెంబరులో అమెరికాలో కన్స్యూమర్ రిపోర్ట్స్ అనే పెద్ద వినియోగదారుల సంస్థే ఆయనకు ఉత్తరం రాసింది, విండోస్ 10కి ఉచితంగా గడువు పొడిగించమని. అక్టోబరు 14 మాత్రం కదల్లేదు. ఇక ఖమ్మం ఉత్తరం ఎవరు విప్పుతారని నేరుగా తమరికే రాస్తున్నాను.

విండోస్ 10కి ప్యాచ్‌ల గడువు కొనుక్కునే దారి లేకపోలేదు. ఇళ్ళల్లో వాడుకునేవాళ్ళకైతే 2026 అక్టోబరు 13 దాకా. 30 డాలర్లు కట్టాలి, లేదా 1000 రివార్డు పాయింట్లు ఇవ్వాలి, అదీ కాదంటే మన సెట్టింగులు వాళ్ళ క్లౌడ్‌కి అప్పజెప్పాలి. యూరప్‌లో సంఘాలు గట్టిగా అడిగితే అక్కడివాళ్ళకు ఆ అప్పగింత షరతు ఎత్తేశారు. వ్యాపార సంస్థలకైతే మిషన్‌కు మొదటి ఏడు 61 డాలర్లు, రెండో ఏడు దానికి రెట్టింపు, మూడో ఏడు మళ్ళీ రెట్టింపు. మరి మేం ఏ పద్దు కింద వస్తాం? ముందు గదిలో షాపు, వెనక గదిలో కాపురం. పగలు శుభలేఖలు కొట్టిన మిషన్ మీదే రాత్రి మా పిల్లవాడి ప్రాజెక్టు వర్కు. కరెంటోళ్ళు ముందు గదికి వేరే మీటరు బిగించి ఈ చిక్కు ఏనాడో తేల్చేశారు. డాలర్లలో ఆ సౌకర్యం కనబడలేదు.

ఇప్పుడు మేం ఎలా నెట్టుకొస్తున్నామో చెబుతాను. ఇది తమరు చెవిన వేసుకోవాల్సిన సంగతి. పాత మిషన్‌కి నెట్ వైరు పీకేశాం. పక్కన విండోస్ 11 ల్యాప్‌టాప్ ఒకటి పెట్టాం. పెళ్ళివాళ్ళు వాట్సాప్‌లో పంపే ఫొటోలు ల్యాప్‌టాప్‌లో దిగుతాయి. పెన్‌డ్రైవ్ ఎక్కి పాతదానికి వెళతాయి. పేజ్‌మేకర్‌లో కూర్చి, పీఎస్ ఫైలుగా రాసి, డిస్టిల్లర్‌లో వేసి పీడీఎఫ్ చేస్తాం. ఆ పీడీఎఫ్ మళ్ళీ అదే పెన్‌డ్రైవ్ ఎక్కి ల్యాప్‌టాప్‌కి, అక్కణ్నుంచి ప్లేట్లు తీసేవాళ్ళకు మెయిల్లో. కస్టమర్ల పెన్‌డ్రైవ్‌లూ ఆ రంధ్రంలోనే దూరి వస్తాయి. ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారిపోయే వైరస్ ఒకప్పుడు మా వీధి వీధంతా తిరిగింది. దాని వాహనం కూడా పెన్‌డ్రైవే. నెట్ ఉన్నన్నాళ్ళూ మెయిల్లో పోయే ఫైళ్ళు ఇప్పుడు జేబుల్లో తిరుగుతున్నాయి. చివర్లో చెబుతానన్నానే, ఆ ఆధార్ జిరాక్సులు కూడా వాటితోనే. అంతా భద్రత పేరు మీద జరిగిన ఏర్పాటు.

ఇక అసలు పని మీదకు వస్తాను.

పక్క ఫ్లెక్సీ షాపు అన్న మా అందరికంటే ముందు తెలివిగా కొత్త మిషన్ కొన్నాడు. తమరు లోపల కొలువై ఉన్న మిషన్. సెటప్పులో అకౌంటు అడిగితే, కొన్నచోటి కుర్రాడు తన ఈమెయిలే కొట్టి పని కానిచ్చాడు. డిస్కుకు తాళం దానంతటదే పడింది. పడినట్టు అన్నకు తెలీదు, ఎవరూ చెప్పలేదు. మొన్న బయాస్ అప్‌డేట్ ఏదో నడిచాక మిషన్ ఆన్ చేస్తే నీలం తెర వచ్చింది. 48 అంకెల రికవరీ కీ కొట్టమంటోంది. ఆ కీ కుర్రాడి అకౌంటులో భద్రంగా ఉంది. కుర్రాడు ఉద్యోగం మానేసి దిల్‌సుఖ్‌నగర్‌లో ఏదో కోర్సులో చేరాడట, నంబరు మారింది.

ఇవి పంచాయతీ ఎన్నికల రోజులు. ఆ డిస్కులో ఒక సర్పంచ్ అభ్యర్థి ఫ్లెక్సీ డిజైన్ ఉంది. గుర్తు కత్తెర. రేపు సాయంత్రంతో ప్రచారం బంద్. అభ్యర్థి బామ్మర్ది ఇద్దరు మనుషుల్ని వెంటేసుకొచ్చి అన్న షాపులో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆ కీ దొరకనప్పుడు, లోపలినుంచి గడియ తీయగలిగింది తమరొక్కరే. అన్న చెప్పిన బయాస్, తాళం, కీ ఏవీ ఆయన బుర్రకెక్కలేదు. "పక్కషాపులో పాత మిషన్ ఉందిగా, అందులో కొట్టియ్యమను" అంటున్నాడు. తమరు త్వరగా కరుణించకపోతే ఆయన ఇటు లేచి వచ్చేట్టున్నాడు.

ఇట్లు,
తమరి అనర్హ విధేయుడు,
7వ తరం ఆసామి, ఖమ్మం