ఆ హైబ్రిడ్ మెసేజ్ ఇంకోసారి పంపకండి

నెల రోజుల్లో అదే మెసేజ్ నాకు ఆరుసార్లు వచ్చింది. స్కూలు గ్రూపులో రెండుసార్లు, అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒకసారి. మిగతా మూడూ చంద్రగిరిలో ఉండే మా బావ ఒక్కరే పంపారు. "సెకండ్ హ్యాండ్ హైబ్రిడ్ కొంటున్నారా? ఆగండి! ఎవరూ చెప్పని 7 నిజాలు" అని పైన ఎర్ర అక్షరాలు, కింద దండాల బొమ్మలు. హైబ్రిడ్ అంటే పెట్రోలు ఇంజనూ, బ్యాటరీతో తిరిగే మోటారూ రెండూ ఉన్న కారు. నేను నాలుగేళ్లుగా నడుపుతున్నది సెకండ్ హ్యాండ్ హైబ్రిడ్డే అని పంపినవాళ్లందరికీ తెలుసు. అయినా పంపుతారు.

ముందు తేలిగ్గా పోయేవి తీసేద్దాం. మూడో నిజం, కారులో కూర్చుంటే రేడియేషన్‌తో తలనొప్పి వస్తుందట. ఈ మాటను గంటల తరబడి ఫోను చెవికి ఆనించుకుని మాట్లాడేవాళ్లు ఫార్వర్డ్ చేస్తున్నారు. పక్కకు పెట్టండి.

రెండోది, వాన నీళ్లలో దిగితే షాక్ కొడుతుందని. ఆ హై వోల్టేజ్ తీగలకూ కారు బాడీకీ సంబంధం ఉండదు, కరెంటు లీకైతే కారే కనిపెట్టి చెబుతుంది. నిజంగా భయపడాల్సింది షాక్‌కు కాదు, ఇదివరకే మునిగిన కారుకు. మన తిరుపతిలో తిరిగే సెకండ్ హ్యాండ్ కార్లలో చెన్నై నుంచి వచ్చినవి ఎన్నో ఉంటాయి. 2023 డిసెంబరు తుపానులో అక్కడ ఎన్ని కార్లు మునిగాయో టీవీలో చూశాం కదా. సీటు బెల్టు చివరిదాకా లాగి బురద చార ఉందేమో చూడండి. స్టెప్నీ కింద చెయ్యి పెట్టండి. మెసేజ్ రాసినాయనకు ఈ సంగతి తట్టలేదు.

ఇక మొదటి నిజం: అయిదేళ్లకు బ్యాటరీ చస్తుంది, కొత్తదానికి 6 లక్షలు. 2022లో వచ్చిన గ్రాండ్ విటారా, హైరైడర్, సిటీ హైబ్రిడ్లకు కంపెనీలు బ్యాటరీ మీద 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ రాసిచ్చాయి. అయిదేళ్లకే చచ్చే వస్తువుకు ఎనిమిదేళ్లు రాసిస్తారా? మనం ఫోనును నూరు దాకా నింపి సున్నా దాకా దించుతాం. ఇక్కడ కంప్యూటర్ అలా చేయనివ్వదు, మధ్యలోనే ఆడిస్తుంది. దాని ప్రాణం తీసేది వేడి. చాలా మోడళ్లలో బ్యాటరీకి గాలి వెళ్లే జాలీ వెనక సీటు దగ్గర ఉంటుంది. జనం దాని మీద సంచులు పెడతారు, దుమ్ము పట్టిస్తారు. పాత కారు చూడటానికి వెళ్తే పెయింట్ తర్వాత చూసుకోండి, ముందు ఆ జాలీ చూడండి.

ఇంకో మాట. నా కారును ఓసారి రెండు వారాలు బయటికి తీయలేదు. బటన్ నొక్కితే డాష్‌బోర్డు మీద దీపాలన్నీ బ్రహ్మోత్సవాల్లా వెలిగాయి గానీ "రెడీ" అని రాలేదు. ఒక వర్క్‌షాపు ఆయన చూసి పెదవి విరిచి, "పెద్ద బ్యాటరీ పోయింది సార్, మూడు లక్షలవుతుంది" అన్నాడు. పోయింది మామూలు 12 వోల్టుల బ్యాటరీ. అది లేనిదే కంప్యూటర్లు నిద్ర లేవవు, పెద్ద బ్యాటరీని కలిపే రిలేలు, అంటే కరెంటుతో పడే స్విచ్‌లు, పడవు. 7,500 రూపాయలతో అయిపోయింది.

నాలుగోది, తిరుమల ఘాట్ ఎక్కితే మోటారు కాలిపోతుంది, దిగేటప్పుడు ఇంజను దానంతటదే అరుస్తుంది. అరుస్తుంది, నిజమే. కొండ మీద నుంచి అలిపిరికి దాదాపు 700 మీటర్లు దిగుతాం. మనుషులతో కలిపి టన్నూ ముప్పావు బరువున్న కారు అంత దిగితే వచ్చే శక్తి సుమారు 3 యూనిట్ల కరెంటు. గ్రాండ్ విటారా బ్యాటరీలో మొత్తం పట్టేదే 0.76 యూనిట్. దిగేటప్పుడు మోటారే జనరేటరై దాన్ని నింపుతుంది, కొన్ని మలుపులకే నిండిపోతుంది. ఆ తర్వాత కారు ఇంజనునే బ్రేకుగా తిప్పుతుంది, ఆ చప్పుడే మీరు వినేది. ఎక్కేటప్పుడు బ్యాటరీ దిగిపోయి ఇంజను గోల చేయడమూ అంతే. నేను ఎన్నిసార్లు కొండకు వెళ్లొచ్చానో లెక్క లేదు. కాలింది నా కాళ్లే, అదీ మెట్ల దారిన వెళ్లిన రోజు.

అసలు ఇది రాయడానికి కూర్చున్నది ఏడో నిజం చదివాక. "బ్యాటరీ పోయినా కంగారు వద్దు. వెనక సీటు తీసి, చెడిన సెల్ ఒక్కటి మార్చుకుంటే 5 వేలతో పని అయిపోతుంది. ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీ మార్చినంత తేలిక."

మొదటి నిజంలో 6 లక్షలు, ఏడో నిజంలో 5 వేలు. రాసింది ఒకే మనిషి. సరే, నవ్వుకుని వదిలేద్దామంటే ఇది ప్రాణం మీదికి తెచ్చే సలహా. ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీ 12 వోల్టులు. టయోటా ప్రియస్ అనే హైబ్రిడ్‌లో 28 మాడ్యూళ్లు (సెల్ గుత్తులు) వరసగా కలిసి 201.6 వోల్టుల డీసీ. అక్కడి నుంచి కారులోని ఇన్వర్టర్ దాన్ని 650 దాకా పెంచుతుంది. "సర్వీస్ ప్లగ్ లాగేస్తే కరెంటు ఉండదు" అని ఇంకో మేధావి కింద జోడించాడు. రిపేరు చేసేటప్పుడు బ్యాటరీ నుంచి తీసే ప్లగ్ అది. ప్లగ్ లాగితే వరస మధ్యలో తెగుతుంది, అంతవరకే. రెండు ముక్కల్లోనూ కరెంటు అలాగే కూర్చుని ఉంటుంది, బ్యాటరీకి మెయిన్ స్విచ్ ఉండదు నాయనా! ఇన్వర్టర్‌లో కరెంటు దాచుకునే కెపాసిటర్లు ఖాళీ కావడానికి ప్లగ్ తీశాక కూడా 10 నిమిషాలు ఆగాలి. చేతికి 1000 వోల్టులకు తట్టుకునే గ్లవ్స్ ఉండాలి, వాటికి చిల్లు లేదని గాలి నింపి చూసుకోవాలి, ఉంగరాలు, వాచీ తీసేయాలి. మెసేజ్‌లో ఉన్నది ఒక్క స్క్రూడ్రైవర్ బొమ్మ.

ప్రాణంతో బయటపడ్డారే అనుకుందాం. ఇరవై ఏడు పాత మాడ్యూళ్ల మధ్య ఒక కొత్తది పెట్టడమంటే ముసలి ఎద్దుతో కోడెను కాడికి కట్టడమే. కొన్నాళ్లకు పక్కది పోతుంది, ఆ తర్వాత దాని పక్కది. కారు అమ్మేయడానికి మాత్రం ఈ చిట్కా బాగా పనికొస్తుంది, డాష్‌బోర్డు మీది ఎర్ర దీపం కొన్నాళ్లు ఆరుతుంది కదా! అందుకే కొనే ముందు స్కానర్ పెట్టించి మాడ్యూళ్ల మధ్య వోల్టేజ్ తేడా చూడమంటాను.

అయిదోది, మెకానిక్ దొరకడు. ఊళ్లో షెడ్డుకు తీసుకెళ్తే దొరకడు, ఒప్పుకుంటాను. కానీ క్లచ్ ప్లేట్ లేదు, స్టార్టర్ మోటారు, ఆల్టర్నేటర్ విడిగా ఉండవు, బ్రేక్ ప్యాడ్లు ఏళ్ల తరబడి వస్తాయి. ఇన్వర్టర్‌కు విడిగా కూలెంట్ ఉంటుందని మాత్రం మరిచిపోకండి.

మిగిలింది ఆరోది, మైలేజీ. గ్రాండ్ విటారాకు చెప్పే లీటరుకు 27.97 కిలోమీటర్లు ల్యాబ్ లెక్క, రోడ్డు మీద అంత ఆశ పెట్టుకోకూడదు. హైబ్రిడ్ తన పనితనం చూపించేది లీలామహల్ సర్కిల్ ట్రాఫిక్‌లో. చెన్నై హైవే మీద తేడా తగ్గిపోతుంది. ఇక్కడ బావ లెక్క వేసి చూశాను. నెలకు 500 కిలోమీటర్లు తిరుగుతారు. ఇప్పుడు లీటరుకు 14 వస్తోంది, హైబ్రిడ్‌కు 20 వేసుకుందాం. నెలకు 11 లీటర్లు మిగులుతుంది, లీటరు 110 అనుకుంటే 1,200 రూపాయలు. ఆయన కొందామని చూసిన తమిళనాడు హైబ్రిడ్ బండి అదే వయసు పెట్రోలు బండి కంటే 3 లక్షలు ఎక్కువ. బండిని ఇక్కడికి మార్చుకోవడానికి అక్కడి ఆర్టీఓ ఇచ్చే ఎన్‌ఓసీకి తిరగడం, ఇక్కడ కట్టాల్సిన లైఫ్ టాక్స్ లెక్కలో వేయకపోయినా ఆ 3 లక్షలు తిరిగి రావడానికి ఇరవై ఏళ్లు పడుతుంది.

కాబట్టి బావా, మీరు కొనకండి. మెసేజ్ చెప్పింది అదే, నేను చెప్పేదీ అదే, ఏం చేస్తాం! మీ కారు ఇంటి ముందు నిలబడే రోజులే ఎక్కువ. అలా నిలబడి ఆ 12 వోల్టులది చస్తే పొద్దున్నే ఫోను నాకే వస్తుంది.