పాయింటుకు నూటికి నూరు

ఇకపై రైలు పాయింట్లను, అంటే బండిని ఒక లైన్ నుంచి మరో లైన్‌కు మళ్లించే కదిలే పట్టాలను, కెమెరాలే పరీక్షిస్తాయట. లోపం ఎక్కడున్నా కృత్రిమ మేధ ఇట్టే పట్టేస్తుందట. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు ఆ యంత్రం మీద జాలిగా ఉంది, గయ్యాళి అత్త ఇంటికి వెళ్తున్న కొత్త కోడలిని చూసినట్టు.

ఇన్నాళ్లూ సిగ్నల్ సిబ్బంది కదిలే పట్టాకూ, అది ఆనుకునే కదలని పట్టాకూ మధ్య 5 మిల్లీమీటర్ల ఇనుప ముక్క అడ్డుపెట్టి పాయింటు తిప్పి చూసేవారు. ముక్క ఉన్నా లాక్ పడిందంటే పాయింటు చెడినట్టే. దీనికి రిబ్బను కత్తిరించే పని లేదు. అందుకే వార్త కాలేదు.

సరే, కొబ్బరికాయ కొట్టి యంత్రాన్ని పట్టాలెక్కించారనుకుందాం. అర్ధరాత్రి అది పాయింటులో తేడా ఉందని హెచ్చరిస్తుంది. చిన్న ఇంజినీరు పెద్ద ఇంజినీరుకు పంపుతాడు. ఆయన ‘తగు చర్య నిమిత్తం’ అని రాసి పక్క విభాగానికి తోస్తాడు. పట్టాలు ఇంజినీరింగ్ వారివి, పాయింటు తిప్పే మోటారు సిగ్నల్ వారిది, బండి ఆపరేటింగ్ వారిది. తేడా మాత్రం ఎవరిదీ కాదు. యంత్రం మళ్లీ అరుస్తుంది. ‘తెలిపిన విషయమునే పదేపదే తెలుపుట క్రమశిక్షణారాహిత్యము’ అని మెమో వస్తుంది. నలభయ్యోసారికి ఛార్జిషీటు, ఆపైన బదిలీ. యూనియన్‌లో సభ్యత్వం కూడా లేదాయె, అడిగే దిక్కెవరు?

2023 జూన్ 2న ఒడిశాలోని బహానగా బజార్ స్టేషన్‌లో ఈ కెమెరా ఉంటే పాయింటుకు నూటికి నూరు వేసేది. గూడ్సు ఆగి ఉన్న పక్క లైన్ (లూప్ లైన్) వైపు అది చక్కగానే తిరిగి ఉంది మరి! అబద్ధమాడింది స్టేషన్ మాస్టరు ముందుండే ప్యానెల్, మెయిన్ లైన్‌కే ఉందని చూపింది. వైర్ల మీద తప్పుడు పేర్లు ఏళ్ల తరబడి అలాగే ఉండి, మరమ్మతులో అవి తారుమారయ్యాయి. విశాఖ, విజయవాడల మీదుగా చెన్నై వెళ్లాల్సిన కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ గంటకు 128 కిలోమీటర్ల వేగంతో పోయి, ఆగి ఉన్న గూడ్సును ఢీకొంది. పోయినవారు 290 మందికి పైనే.

ముందుగా తెలియదా? 2022 మేలో అదే ఖరగ్‌పూర్ డివిజన్‌లో, బాంక్రానయాబాజ్‌లో తప్పుడు వైరింగ్ బయటపడింది. అప్పుడే దిద్దుకుని ఉంటే ఈ ఘోరం జరిగేదే కాదని ప్రమాదంపై విచారణ జరిపిన రైల్వే భద్రతా కమిషనరే రాశారు. 2023 ఫిబ్రవరిలో కర్ణాటకలోని హొసదుర్గ రోడ్‌లో పాయింటు తప్పుగా ఉందని లోకో పైలట్ తన కళ్లతో చూసి బండి ఆపాడు. మర్నాడే ఒక రైల్వే ఉన్నతాధికారి సిగ్నల్ వ్యవస్థలో లోపాలున్నాయని హెచ్చరిస్తూ ఉత్తరం రాశారు. నాలుగు నెలలు! నాలుగు నెలలు ఆ కాగితం ఏ బల్ల మీద నిద్రపోయింది? ఎవరి టీ గ్లాసు కింద నలిగింది? చేతికిచ్చిన ఉత్తరం చదవని మీకు చీకట్లో చూసే కళ్లెందుకయ్యా?

యంత్రాన్ని కొనండి, తప్పకుండా కొనండి. వచ్చిన రోజే ఆ ఉత్తరాన్ని దాని కెమెరా ముందు పెట్టండి. అదైనా చదువుతుంది.