సవరణ: 4,29,49,67,297 గురించి

2ను 1, 2, 4, 8, 16… ఇలా రెట్టింపవుతూ పోయే ఘాతాలకు తీసుకెళ్లి 1 కలిపితే వచ్చేవి ఫెర్మా సంఖ్యలు: 3, 5, 17, 257, 65,537… గత పోస్టులో ‘65,537 తర్వాతి ఫెర్మా సంఖ్యలన్నీ సంయుక్త సంఖ్యలే’ అని ఉంది. దాన్ని ఇలా చదువుకోగలరు: 3ను సున్నావదిగా లెక్కపెడితే 5వ ఫెర్మా సంఖ్య నుంచి 32వ దాని వరకు అన్నీ సంయుక్త సంఖ్యలే. ఆపైన కొన్నిటి సంగతి తేలింది, అన్నిటిదీ కాదు.

ఇంకోటి. 4,29,49,67,297కు, అంటే 5వ ఫెర్మా సంఖ్య 2³²+1కు, 641 కారణాంకమని గణితవేత్త ఆయిలర్ 1732లో చూపించాడు. అక్కడిదాకా రావాలంటే 116 ప్రధాన సంఖ్యలతో భాగించక తప్పదన్న వాక్యం కొట్టేయండి. ఈ సంఖ్యకు ప్రధాన కారణాంకం ఏదైనా సరే, దాన్ని 64తో భాగిస్తే 1 మిగలాలి. కాబట్టి చూడాల్సినవి 193, 257, 449, 577, 641. ఐదోదానికే దొరికిపోయింది!

అసలు భాగహారమే అక్కర్లేదు, కాగితం మీద రెండు లైన్లు చాలు. 641 అంటే 5×2⁷+1. కాబట్టి 5×2⁷ను 641తో భాగిస్తే శేషం −1 అనుకోవచ్చు. నాలుగో ఘాతానికి తీసుకెళ్తే 5⁴×2²⁸ శేషం 1. మరోపక్క 641 అంటే 5⁴+2⁴ కూడా, కనుక 5⁴ బదులు −2⁴ రాయొచ్చు. అప్పుడు −2³² శేషం 1, అంటే 2³²+1 నిశ్శేషంగా భాగింపబడుతుంది.

రెండో కారణాంకం 67,00,417. అదీ ప్రధాన సంఖ్యే.